మా చెల్లెకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు, ఇంట్లో ఎట్లా మాట్లాడాలి?

హన్మకొండ_అక్క:

అందరికీ నమస్తే. మా చెల్లెకు 23 ఏళ్లు. బీటెక్ అయిపోయి ఏడాది దాటింది, ఇంట్లోనే ఉంటోంది. పోయిన నెల సైకియాట్రిస్ట్ చీటీ మీద బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని రాశారు. ఈయన మూడో డాక్టర్. మొదట చూపించిన చోట డిప్రెషన్ అన్నారు, తర్వాత ఇంకొకరు బైపోలార్ అన్నారు, ప్రతిసారీ మాత్రలు మారాయి, చెల్లె ఒళ్లు చేసింది, పగలంతా మత్తుగా ఉంటోంది, అసలు సంగతి మాత్రం అట్లనే ఉంది. ఈయన పది నిమిషాలు మాట్లాడి థెరపీ కావాలి, సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి అని పంపించేశారు. అదేం జబ్బో, మేం ఏం చేయాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

పోయిన ఆదివారం జరిగింది చెప్తే మీకు అర్థమవుతుంది. పరకాలలో మా మేనమామ కూతురి ఎంగేజ్‌మెంట్. చెల్లె రానంది. నాలుగింటికి ఫోన్ చేస్తా అని చెప్పి నేను, అమ్మ వెళ్లాం. అక్కడ వడ్డన దగ్గర నిలబడి ఫోన్ సంచిలోనే మర్చిపోయాను. ఐదున్నరకు చూస్తే 31 మిస్డ్ కాల్స్. మొదటి మెసేజ్ 'అక్కా తిన్నవా' అని ఉంది, చివరిది 'నాకు అక్క లేదు' అని. రెండింటికీ మధ్య గంటన్నర.

ఇంటికి వచ్చేసరికి ఇన్నేళ్లలో నేను కొనిచ్చినవన్నీ ఒక సంచిలో పెట్టి గడప అవతల ఉంచింది. కోపంతో కుక్కేసిందేమో అనుకున్నాను. తీసి చూస్తే దసరాకు ఇచ్చిన చీర మడత కూడా చెదరలేదు, దాని మధ్యలో సద్దుల బతుకమ్మ నాడు మేమిద్దరం దిగిన ఫొటో పెట్టి ఉంది. ఆ ఫొటో చూసి నాకు కాళ్లు ఆడలేదు. రాత్రి పదింటికి తనే వచ్చి పక్కన కూర్చుని, అక్కా నిన్ను ఎన్ని మాటలన్ననో అని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పొద్దున ఏమీ జరగనట్టే చాయ్ పెట్టి ఇచ్చింది.

ఏడాదిలో రెండుసార్లు తనకు తాను గాయం చేసుకుంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు, ఆఫీసులో ఉన్నా ఫోన్ మోగితే గుండె దడదడలాడుతుంది.

అమ్మ గాలి సోకిందని తాయత్తు కట్టించింది. బాపు మాత్రం గారాబం ఎక్కువైంది, పెళ్లి చేస్తే అదే సెట్ అయితది అంటున్నారు, సంబంధాలు కూడా చూస్తున్నారు. ఇది నిజంగా జబ్బేనా, లేక దాని స్వభావమే అంతనా? అట్లాంటప్పుడు దానితో ఏం మాట్లాడాలి? ఇంకొకటి, అడగడానికి కూడా సిగ్గుగా ఉంది: ఒక్క రాత్రి ఫోన్ ఆపేసి పడుకోవాలనిపిస్తుంది, అది తప్పా?

పరకాల_పిల్ల:

అక్కా, నాకు ఉంది ఇది. ఇప్పుడు 28, నాలుగేళ్ల కింద తేలింది. అందుకే ముందు నేను రాస్తున్నా.

మీరు ఫోన్ ఎత్తకపోతే, అక్క పనిలో ఉందిలే అని మీ చెల్లె బుర్రకు తెలుసు. ఒంటికి తెలియదు. చిన్నప్పుడు జాతరలో అమ్మ కొంగు చేతిలో నుంచి జారిపోయి జనంలో ఒక్కదానివే మిగిలితే ఎట్లా బుగులైతుందో, అదే బుగులు. 24 ఏళ్ల మనిషికి, ఇంట్లో సోఫా మీద కూర్చున్నప్పుడు వస్తుంది. మెసేజ్‌కు రెండు నీలం టిక్కులు పడి జవాబు రాకపోయినా నాకు అంతే అయ్యేది. అది తట్టుకోలేక, వాళ్లు నన్ను వదిలేసే ముందు నేనే వాళ్లను వదిలేస్తే నొప్పి తగ్గుతుందనిపిస్తుంది. ఆ సంచి గడప అవతల పెట్టడం అదే. ఫొటో చీర మధ్యలో పెట్టింది చూడండి, అది నలగొద్దని పెట్టింది. ఆమెకు మీరు వద్దని కాదు అక్కా.

ఇంకొకటి ఎవరికీ కనబడదు. కోపం వచ్చినప్పుడు అందరూ చూస్తారు. మధ్యాహ్నం మూడింటికి ఏ కారణం లేకుండా లోపలంతా ఖాళీ అయిపోవడం ఎవరూ చూడరు. నేనెవరు, నాకేం ఇష్టం, ఈ చదువు నేనెందుకు చదివిన అన్నవాటికి జవాబే దొరకదు. ఎదుటి మనిషిని బట్టి నా ఇష్టాలు మారిపోయేవి. ఒక ఫ్రెండ్‌ను దేవత అనుకునేదాన్ని, ఒక్క మాటకు అదే మనిషి శత్రువు అయ్యేది. రెండూ నాకు నిజమే, నటన కాదు.

ఓవర్ చేస్తున్నవ్, దీనికే ఏడుస్తవా, నీకేం తక్కువైంది, ఈ మూడు మాటలు విన్న ప్రతిసారీ నాకు ఇంకా ఎక్కువైంది. మా అమ్మ చదువుకోలేదు, జబ్బు పేరు కూడా సరిగా పలకదు. ఒకరోజు నేను అరుస్తుంటే బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి, బుగులైతుందా బిడ్డా, నేను ఇక్కడనే ఉన్న, ఎటూ పోను అన్నది. అంతే, ఇంకేం అనలేదు. మళ్లీ చాట తీసుకుని ఏరుకుంటూ అక్కడే కూర్చుంది. నేను ఇంకో పది నిమిషాలు అరిచి, పోయి పక్కన కూర్చున్నా.

థెరపీ హైదరాబాద్‌లో ఉండే ఒక మేడమ్ దగ్గర, ఆన్‌లైన్‌లో, తెలుగులోనే. రోజూ ఎంత కోపం, ఎంత దుఃఖం, ఏం చేయాలనిపించింది, ఏం చేశాను అని చిన్న కార్డులో రాయాలి. ముంచుకొచ్చినప్పుడు బకెట్‌లో బాగా చల్లని నీళ్లు పోసి ముఖం అందులో పెట్టి ఊపిరి బిగబట్టడం నేర్పించారు, అరనిమిషంలో గుండె వేగం తగ్గుతుంది. నాకు నవ్వొచ్చింది మొదట్లో. ఇప్పుడు ఫ్రిజ్‌లో ఒక సీసా దానికోసమే ఉంచుతాను. గుండె జబ్బు ఉన్నవాళ్లు, తిండి బాగా తక్కువ తినేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా చేయొద్దు.

మనసు_ముచ్చట:

నేను వరంగల్‌లోనే క్లినికల్ సైకాలజిస్ట్‌గా పని చేస్తాను. మనిషిని చూడకుండా మీ చెల్లె గురించి చెప్పడం తప్పు, కాబట్టి జబ్బు గురించే చెప్తాను.

ముందు పేరు సంగతి. మన దగ్గర బోర్డర్‌లైన్ షుగర్ అంటే ఇంకా షుగర్ రాలేదు, అంచు మీద ఉందని కదా అర్థం, ఇది కూడా అట్లాంటిదే, కొంచెమే ఉందట అని చాలా ఇళ్లల్లో తేలిగ్గా తీసుకుంటారు. అది కాదు. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే న్యూయార్క్ డాక్టర్, న్యూరోసిస్‌కు (భయం, దిగులు లాంటి మనసు బాధలు), సైకోసిస్‌కు (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి) మధ్య సరిహద్దులో ఉన్నట్టు కనిపించిన పేషెంట్లకు ఈ మాట వాడారు. ఆ ఆలోచన పాతబడిపోయినా పేరు మిగిలింది. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల అధికారిక జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు అందులో తొమ్మిది లక్షణాలున్నాయి, కనీసం ఐదు ఉంటేనే ఈ పేరు పెట్టాలి. ఏ ఐదైనా కావచ్చు కాబట్టి లెక్కేస్తే 256 రకాల కలయికలు వస్తాయి. అందుకే ఇంటర్నెట్‌లో చదివింది, పరకాల చెల్లి చెప్పింది మీ చెల్లెకు అచ్చం సరిపోకపోవచ్చు.

బైపోలార్ అని ముందు అనుకోవడం చాలామంది విషయంలో జరుగుతుంది. బైపోలార్‌లో ఉద్రేకం గానీ దిగులు గానీ రోజుల తరబడి, వారాల తరబడి సాగుతుంది. దీంట్లో ఉదయం నుంచి సాయంత్రం లోపలే మనసు నాలుగుసార్లు మారొచ్చు, ఎక్కువసార్లు ఆ మార్పుకు ముందు ఎవరో ఒకరితో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. ఎత్తని ఫోన్ లాంటిది. రెండు జబ్బులూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు, అందుకే డాక్టర్‌కు పాత చీటీలన్నీ చూపించాలి.

జబ్బా, స్వభావమా అని అడిగారు. పుట్టుకతోనే కొందరికి భావాలు తొందరగా, గట్టిగా వస్తాయి, చల్లారడానికి చాలాసేపు పడుతుంది. కవలల మీద చేసిన అధ్యయనాల్లో వంశపారంపర్యం వాటా దాదాపు సగం దాకా తేలింది. అట్లాంటి పిల్లకు నీ ఏడుపుకు అర్థం లేదు అని పదేపదే చెప్పే చోటు తోడైతే పరిస్థితి ముదురుతుంది. చిన్నతనంలో హింస, వేధింపులు చూసినవాళ్లు వీళ్లలో ఎక్కువే, కానీ అందరికీ అది ఉండదు. కాబట్టి మనమేం తప్పు చేశామని మీ అమ్మగారు తల బాదుకోవద్దు. తాయత్తు గురించి కూడా గొడవ పెట్టుకోకండి, ఉండనివ్వండి, థెరపీ ఆగకుండా చూసుకోండి చాలు.

మాత్రల సంగతి: ప్రత్యేకంగా ఈ జబ్బుకే అని ఆమోదం పొందిన మందు అమెరికాలో కూడా లేదు. తోడుగా ఉన్న డిప్రెషన్‌కో, నిద్రకో డాక్టర్లు ఇస్తారు. అట్లాగని మీ అంతట మీరు ఆపేయొద్దు, మత్తుగా ఉంటోందన్న మాట డాక్టర్‌కే చెప్పండి, తగ్గిస్తారు. అసలు వైద్యం మాట్లాడి, నేర్పించి చేసేది. ఎక్కువగా పరీక్షించి చూసింది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, డీబీటీ అంటాం. సియాటిల్‌లో మార్షా లైన్‌హన్ తయారుచేశారు, 1991లో మొదటి పెద్ద ఫలితాలు వచ్చాయి, గాయం చేసుకోవడం తగ్గింది. వీళ్ల బాధను ఆమె ఒళ్లంతా కాలిన మనిషి బాధతో పోల్చారు, చిన్నగా తాకినా ప్రాణం పోయినంత నొప్పి. 2011లో ఆమె తనే ముందుకొచ్చి, పదిహేడేళ్ల వయసులో తనను కూడా ఆసుపత్రిలో ఉంచారని, ఒంటికి గాయాలు చేసుకునేదాన్నని చెప్పారు. ఈ సంగతి నేను ప్రతి కుటుంబానికీ చెప్తాను.

నయమవుతుందా అని మీరు అడగలేదు, కానీ అడగాలనుందని తెలుసు. అమెరికాలో మేరీ జనారిని బృందం 290 మంది పేషెంట్లను పదేళ్లపాటు వరుసగా గమనించింది. 93 శాతం మందికి లక్షణాలు తగ్గి, కనీసం రెండేళ్లు అట్లాగే నిలబడ్డాయి. లక్షణాలు తగ్గడంతోపాటు పని, సంబంధాలు కూడా నిలదొక్కుకున్నవాళ్లు సగం మంది. అంటే గాయాలు, గొడవలు ముందు తగ్గుతాయి, ఉద్యోగం, స్నేహాలు కుదురుకోవడానికి ఇంకా సమయం, సాయం కావాలి.

ఇక ఏం మాట్లాడాలన్నది. ఆమె నొప్పిని ఒప్పుకోవడం వేరు, ఆమె చెప్పిన మాటను ఒప్పుకోవడం వేరు. నువ్వు నన్ను కావాలనే వదిలేసినవ్ అంటే, అవును వదిలేశాను అనక్కర్లేదు, కాదు వడ్డన దగ్గర ఉన్న అని ఆ నిమిషంలో వాదించక్కర్లేదు. నాలుగింటికి చేస్తా అని చేయలేదు, గంటన్నర నువ్వు ఒక్కదానివే భయపడ్డవ్ కదా. ఇది అబద్ధం కాదు, మీ వైపు జరిగింది ఒప్పుకున్నట్టు కూడా అవుతుంది. వివరం చల్లబడ్డాక చెప్పొచ్చు. ఇంకోసారి నాలుగింటికి అనకండి, నిలబెట్టుకోగలిగిందే చెప్పండి: పొద్దుగూకేలోపు చేస్తా. అన్నాక తప్పకుండా చేయండి.

గాయం చేసుకున్న మనిషిని, చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఊరికే బెదిరిస్తుందిలే అని మాత్రం ఎన్నడూ కొట్టిపారేయకండి. రాత్రిపూట అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటుంది. ప్రమాదం కళ్లముందే ఉంటే 108, లేదా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీ. పోలీస్ కేసు అవుతుందని ఆత్మహత్యాయత్నాన్ని దాచేవాళ్లను చాలామందిని చూశాను. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 115వ సెక్షన్ ప్రకారం అట్లాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు.

కాకతీయ_కాలనీ:

ఏమనుకోకండమ్మా, పెద్దవాడిని కాబట్టి చెప్తున్నా. అడిగిన ప్రతిదానికీ బుజ్జగిస్తే పిల్లలు నేర్చుకునేది అదే. మా ఇంట్లో ఆరుగురం, ఒక్కరికి ఏడుపొస్తే చూసే తీరిక ఎవరికీ లేదు, అయినా అందరం బతికినం. నాలుగు రోజులు పట్టించుకోకుండా గట్టిగా ఉండి చూడండి. ఆ పిల్ల మంచికే అంటున్నా.

జనగామ_నాన్న:

అన్నా, మీరు మంచికే అన్నారు, నేనూ మంచికే చేశాను. నాది కొడుకు. ఇది ఆడపిల్లల జబ్బు అనుకుంటారు, మగపిల్లలకూ వస్తుంది, వాళ్లది కోపం, తాగుడు అని పక్కన పెట్టేస్తారు. డిగ్రీ రెండో ఏడులో వాడు అరుస్తుంటే ఫోన్ గుంజుకుని, వారం రోజులు నీతో మాట్లాడను అన్నాను. నాలుగో రోజు లేడు. రెండు రాత్రులు వెతికినం. కాజీపేట స్టేషన్‌లో ప్లాట్‌ఫాం చివర, గూడ్స్ బండ్లు ఆగేవైపు ఒక బల్ల మీద దొరికిండు. నన్ను చూసి లేవలేదు. నువ్వు మాట్లాడనన్నవ్ కదా బాపూ, ఇంక మాట్లాడవనుకున్న అన్నడు. ఇరవై ఏళ్లోడు అన్నా. వారం అని నేనన్నది వాడికి వినబడలేదు, ఇంక మాట్లాడను అనే వినబడింది. ఆ బల్ల మీద పక్కనే కూర్చుని ఎంతసేపున్నమో నాకు తెలియదు.

గట్టిగా ఉండడం అంటే మాట్లాడకపోవడం కాదని అప్పుడు తెలిసింది. హద్దులు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. వాడు చెయ్యెత్తితే నేను బయటికి వెళ్తా, ఇరవై నిమిషాలకు వస్తా. ఈ మాట వాడు బాగున్న రోజే చెప్పిన, బాగలేని రోజు అంతే చేసిన, సరిగ్గా ఇరవై నిమిషాలకు తలుపు తీసిన. మొదట్లో ఇంకా ఎక్కువ అరిచిండు. మూడు నెలలకు, పో బాపూ, తిరిగి రా అనడం మొదలుపెట్టిండు.

బిడ్డా, నీ నిద్ర గురించి. తప్పు కాదు. మేం వంతులు పెట్టుకున్నం: సోమ, బుధ, శుక్ర నేను, మిగతావి వాళ్లమ్మ, ఆదివారం మా చెల్లె వచ్చి పడుకుంటది. వంతు లేనివాళ్ల ఫోన్ ఇంకో గదిలో ఉంటది. ఎవరి వంతో వాడికి కూడా తెలుసు, దాచలేదు. మందుల డబ్బాకు తాళం ఉంది, రోజుకు కావాల్సినవే బయటికి తీస్తం. ఒక కాగితం మీద వాడే రాసుకున్నడు: ముందుగా ఒంట్లో ఏం తెలుస్తది, అప్పుడు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, మేం ఏ మాట అనొద్దు. ఆ చివరిది చదివి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినై, మూడు మాటలూ నావే.

పెళ్లి మాత్రం ఇప్పుడు వద్దని మీ బాపుకు చెప్పు, కావాలంటే నేను మాట్లాడుతా. మాకూ ఒక సంబంధం వచ్చింది. ఆ పిల్ల వచ్చి ఏం చేస్తది, మావోడి బుగులు మోయడానికి ఆమెకెవరు నేర్పిస్తరు? దాచి చేసినా తప్పే. మావోడు బాగుపడి తనంతట తను అడిగితే, ఆ పిల్లకు అంతా చెప్పి అప్పుడు చేస్తం.

కాకతీయ_కాలనీ:

స్టేషన్ సంగతి చదివిన తమ్మీ. నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. బాబు ఇప్పుడు ఎట్లున్నడు?

జనగామ_నాన్న:

మొబైల్ షాపులో పని చేస్తున్నడు అన్నా, ఎనిమిది నెలలైంది. మధ్యలో రెండుసార్లు మానేసి మళ్లీ వెళ్లిండు. ఓనర్ మంచోడు.

హన్మకొండ_అక్క:

ఆరు రోజుల తర్వాత రాస్తున్నా, ఏమనుకోకండి. అందరికీ ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

బాపుకు ఈ జవాబులు చదివి వినిపించాను. జనగామ బాబాయి రాసింది వినేటప్పుడు ఏమీ అనలేదు, లేచి బయటికి వెళ్లిపోయారు. మర్నాడు సంబంధం చూసే ఆయనకు ఫోన్ చేసి, ఇప్పుడే వద్దు, ఏడాది ఆగుతాం అన్నారు. పూర్తిగా నమ్మారని కాదు, మధ్యాహ్నం మళ్లీ గారాబం అన్నారు. కానీ ఆపారు.

మంగళవారం ఆఫీసులో ఆలస్యమైంది. పొద్దుగూకేలోపు చేస్తా అని చెప్పి ఉన్నాను కాబట్టి మెట్ల దగ్గరికి వచ్చి చేశాను. అయినా ఇంటికొచ్చాక, నీకు ఆఫీసే ఎక్కువ అని మొదలుపెట్టింది. నోటిదాకా వచ్చింది, ఫోన్ చేసిన కదనే అని. మింగేసి, ఇయ్యాల పొద్దంతా ఒక్కదానివే ఉన్నవ్, బుగులైనట్టుంది అన్నాను. సినిమాల్లోలాగ ఏడ్చి కౌగిలించుకుంటుందేమో అనుకున్నా. అట్లాంటిదేం లేదు, ధడేల్మని తలుపేసుకుంది. నాకు చాలా కష్టంగా అనిపించింది, నిజం చెప్తున్నా. తలుపు బయట నుంచి, నేను వంటింట్ల ఉన్న, ఎటూ పోను అని మాత్రం చెప్పి వెళ్లి సర్వపిండి తట్టడం మొదలుపెట్టాను. ఇరవై ఐదు నిమిషాలకు వచ్చి, ఏమీ మాట్లాడకుండా పిండికి బొక్కలు పెట్టడం మొదలుపెట్టింది. గడప అవతల సంచి పెట్టలేదు.

తర్వాత సూటిగా అడిగాను, చచ్చిపోవాలనిపిస్తుందా అని. నా గొంతు వణికింది. ఇప్పుడు లేదు, పోయిన నెల ఉండె, ఎవరూ అడగలే అన్నది.

గురువారం సైకాలజిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరికింది. మూడు డాక్టర్ల చీటీలు ఒక ఫైల్‌లో పెట్టాం. మేడమ్, ఇంకేమన్నా తీసుకెళ్లాలా, మొదటిసారి నేను లోపల కూర్చోవచ్చా?

మనసు_ముచ్చట:

ఆ రాత్రి మీ చెల్లె 'ఎవరూ అడగలే' అన్నది విన్నారు కదా, అది అట్లాగే డాక్టర్‌కు చెప్పమనండి, మీరు కాదు, ఆమే చెప్పేటట్టు చూడండి. చీటీలు చాలు. లోపల కూర్చోవడం గురించి మీ చెల్లెనే అడగండి. మొదట కాసేపు ఆమె ఒక్కతే మాట్లాడి, చివర పది నిమిషాలు మిమ్మల్ని పిలవడం చాలామందికి కుదురుతుంది. నెలకు ఎన్నిసార్లు రావాలి, ఫీజు ఎంత, అత్యవసరమైతే ఎవరికి చేయాలి, ఈ మూడూ మొదటి రోజే అడిగేయండి.

హన్మకొండ_అక్క:

అడిగాను. ముందు వద్దంది, తర్వాత, బయట కుర్చీల దగ్గరనే ఉండు, ఫోన్ చూసుకుంట కూర్చోకు అన్నది. సరే అన్నాను.